బావకి వేసిన బంతులు

మోచెయ్యి ఇంకాస్త కిందికి దించితే బంతి నా నడుము దగ్గర్నుంచి లేచి వస్తున్నట్టు కనిపిస్తుంది, పైనుంచి విసిరితే నెత్తిమీద పడుతున్నట్టు ఉంటుంది, బంతి అదే, చెయ్యీ నాదే, మారేదల్లా అవతలివాడి కంటికి కనిపించే దారి, ఇప్పుడు వేసింది పక్కనుంచే, అది మోకాళ్ళ ముందునుంచి జారిపోయి క్యాచర్ చేతిలో పడేదాకా మా ఆషర్ బావ బ్యాటు భుజం మీదినుంచి కదల్లేదు, స్ట్రైక్ అని వెనకనుంచి ఎబర్‌హార్డ్ అరిచాడు, మా క్లబ్బు కోచ్, ఈ ట్రైనింగ్ మ్యాచ్‌కి అంపైర్ కూడా ఆయనే, ఈ బేస్‌బాల్‌లో స్ట్రైకులు మూడైతే అవుటు, బావ నావైపు చూసి పళ్ళన్నీ బయటపెట్టాడు, ఏంటి బావగారూ అప్పుడే మొదలెట్టారా అన్నాడు తెలుగులో, నవ్వు బావా నవ్వు, ఆ పళ్ళున్నంతసేపు నవ్వుకో, ఇంకో రెండు బంతులయ్యాక వాటిలో ఎన్ని నీ నోట్లో ఉంటాయో ఎన్ని ఈ ఎర్రమట్టిలో ఉంటాయో నేను చెప్పలేను.

పొద్దున్న ఆ గుడారం దగ్గర నేను చూడకపోయి ఉంటే బాగుండేది, చూడకుండా ఎలా ఉంటాను, కళ్ళు పొడుచుకోనా, సూపర్‌మార్కెట్ కారు పార్కింగులో వేసిన కరోనా టెస్టు గుడారం అది, ఆట చూడ్డానికి వచ్చేవాళ్ళని ఈ వారం నుంచే గ్రౌండులోకి రానిస్తున్నారు, ఆడేవాళ్ళైనా చూసేవాళ్ళైనా టెస్టు కాగితం చూపించాల్సిందే, బావకి కంపెనీలో రెండు డోసులూ పడ్డాయి కాబట్టి ఆయనగారు కారులో కూర్చున్నారు, క్యూలో మా చెల్లి అబిగెయిల్, దాని వెనక నేను, దాన్ని అంత దగ్గరగా చూసి ఎన్ని నెలలైందో, చిక్కిపోయావేంటే అంటే డైటింగ్ అన్నయ్యా అని మాస్కులోంచే నవ్వింది, ముక్కులో పుల్ల పెట్టాలి మాస్కు తియ్యమంది ఆ జర్మన్ అమ్మాయి, చెల్లి ముక్కు కిందివరకే లాగింది, లేదు పూర్తిగా అంది ఆ అమ్మాయి, తీసింది, పుల్ల పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది, ఎడమ దవడ మీద పచ్చగా తిరిగి అంచుల్లో ఇంకా ఊదా రంగు పోని మచ్చ, రాసుకున్న పౌడరంతా మాస్కుకి అంటుకుపోయింది, వేళ్ళు పడ్డ చోట్లు విడివిడిగా తెలుస్తున్నాయి, ఆలెస్ గూట్ అని అడిగింది ఆ అమ్మాయి మెల్లిగా, అంతా బాగేనా అని, ఆలెస్ గూట్ అంది మా చెల్లి టక్కున, ఈ దేశం వచ్చాక దానికి తడుముకోకుండా వచ్చిన జర్మన్ ఆ రెండు ముక్కలే, ఏంటమ్మా అది అన్నాను నేను, కిచెన్‌లో కబోర్డు తలుపు తగిలింది అన్నయ్యా అంది, ఏ కబోర్డు తలుపుకి వేళ్ళుంటాయి, నన్ను వెర్రివాణ్ణనుకుందా, కాదు, కారు అద్దం దించి ఉంది, అది నాకు చెప్పడం లేదు, కారులో ఉన్నవాడికి వినపడేలా చెబుతోంది, నేను అటు ఒక అడుగు వేశానో లేదో నా మణికట్టు పట్టుకుంది, వద్దు అన్నయ్యా, నాన్నకి తెలిస్తే తట్టుకోలేరు, నీకు దణ్ణం పెడతాను అంది, గోళ్ళు దిగేలా పట్టుకుంది, అప్పట్నుంచీ నా లోపల ఆయనగారు వాడయ్యాడు, పైకి మాత్రం ఇంకా బావే, గ్రౌండుకి వచ్చేదాకా వాడి కారులో వాడి పక్కనే కూర్చుని వాడు పెట్టిన క్రైస్తవ పాటలు విన్నాను.

బంతి వేళ్ళ మధ్య తిప్పుతుంటే ఎర్ర కుట్లు తగులుతున్నాయి, రాయి అనుకో, క్రికెట్ బంతికి ఏమీ తీసిపోదు, బందరులో ఏ జట్టూ నా చేతికి బంతి ఇచ్చేది కాదు, మోచెయ్యి వంచుతున్నాడండీ, వీడిది తొండి బౌలింగు, వెయ్యడం కాదు విసరడం అని నో బాల్ నో బాల్ అని అరిచి అరిచి చివరికి బౌండరీ దగ్గర నిలబెట్టేవాళ్ళు, ఇంత దూరం ఉద్యోగానికి వస్తే మోచెయ్యి వంచి విసరడమే పనిగా పెట్టుకున్న ఆట ఒకటి దొరికింది, జర్మనీలోని ఈ జిండెల్ఫింగెన్‌లో, కారు ఫ్యాక్టరీ దాటాక అడవి అంచున ఈ గ్రౌండు, బేస్‌బాల్ అంటే ఇక్కడివాళ్ళకే సరిగ్గా తెలీదు, నాలాంటి పరదేశులే సగంమంది, అక్కడ నా తప్పు ఇక్కడ నా గొప్పయింది, అయినా వేగం లేదు నీకు జోజీ అనేవాడు ఎబర్‌హార్డ్, లేనిదాని కోసం ఏడవకు, ఉన్నదాన్ని దాచుకో, ఒకసారి కాలు పైకెత్తి కొంగలా అలాగే ఆగు, ఒకసారి ఎత్తీ ఎత్తకముందే వదిలెయ్, ఒకసారి చెయ్యి పైనుంచి, ఒకసారి పక్కనుంచి, బ్యాటు పట్టుకున్నవాడు నీ ఒళ్ళు కదిలే తీరు చూసి తాళం వేసుకుంటాడు, ఆ తాళం తప్పించు, ఎప్పుడొస్తుందో తెలియనివాడు ప్రతిసారీ వణుక్కుంటూనే నిలబడతాడు, ఆ మాట నాకెంత నచ్చిందో, అద్దం ముందు నిలబడి ఒంటికాలి మీద ఎంతసేపు ఆగగలనా అని సాధన చేశాను, కింద ఫ్లాటు ముసలావిడ చీపురుకర్రతో పైకప్పు పొడిచేదాకా చేశాను.

ఆషర్ని ఈ క్లబ్బుకి లాక్కొచ్చింది నేనే, పెళ్ళయిన కొత్తలో, చెల్లి వచ్చి నెలైనా కాకముందే కరోనా వచ్చి అన్నీ మూసేశారు, వేసవిలో కాస్త తెరవగానే రండి బావా మీ పొట్ట కరిగిద్దాం అన్నాను, మా వైపు బావల మధ్య వేళాకోళం లేకపోతే ఆ సంబంధానికి ఉప్పూకారం లేనట్టే, పెళ్ళిలో చెప్పులు దాచడం, కాఫీలో ఉప్పు కలపడం ఇవన్నీ హక్కులు, మరి నేను ఇక్కడ కాఫీలో ఉప్పెలా కలుపుతాను, బంతి వేస్తాను, శనివారం వస్తే చాలు బావని ఒక ఆట ఆడుకునేవాణ్ణి, కొంగలా ఆగి వేస్తే వాడు ముందే తిప్పేసి గింగిరాలు కొట్టేవాడు, గభాల్న వేస్తే కొయ్యబొమ్మలా నిలబడిపోయేవాడు, జర్మన్లు కూడా పగలబడి నవ్వేవాళ్ళు, నేను మరీ ముచ్చటపడి ఎవరితోనో వీడియో తీయించి ఫ్యామిలీ గ్రూపులో పెట్టేవాణ్ణి, మా బావగారి బ్యాటింగు చూడండి అని, పెద్దమ్మలు పిన్నులు అందరూ నవ్వు బొమ్మలు పెట్టేవాళ్ళు, అమ్మ మాత్రం అల్లుడుగారిని ఏడిపించకురా అని రాసేది, వాడు రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టేవాడు, ఎంత సాత్వికుడో అనుకునేవాళ్ళం.

సరే బావా రెండోది చూసుకో, కాలెత్తాను, మోకాలు ఛాతీదాకా తెచ్చి ఆపాను, వాడి కళ్ళు నా మోకాలి మీద, ఇంకా ఆపాను, వాడి పిడికిళ్ళు బిగుసుకున్నాయి, ఆ పిడికిళ్ళే కదా, ఆ వేళ్ళే కదా, ఇంకా ఆపాను, తొడ వణుకుతోంది, ఆషర్ గాలి పీల్చి ముందుకి ఊగాడు, అప్పుడు వదిలాను, నిదానంగా, ముసలమ్మ రోడ్డు దాటినట్టు, వాడు అప్పటికే బ్యాటు తిప్పేశాడు, తిప్పిన ఊపుకి మోకాలి మీద కూలబడ్డాడు, రెండో స్ట్రైక్, మా వాళ్ళంతా ఓహో అని గోల, నేను కూడా నవ్వాను, అలవాటు చొప్పున, వల అవతల దూరందూరంగా వేసిన కుర్చీల్లో ఒకదానిమీద మా చెల్లి, అది ఒక్కతే నవ్వలేదు, మాస్కు ఉంది కదా నవ్విందో లేదో నీకెలా తెలుసు అంటారేమో, మా చెల్లి నవ్వితే భుజాలు నవ్వుతాయి.

చలికాలమంతా వాడి ఇంటికి వెళ్దామంటే రూలండి బావగారూ అనేవాడు, ఇంకో ఇంటి మనిషి ఒక్కరికి మించి రాకూడదట అనేవాడు, నేను ఒక్కణ్ణే కదా బావా, నాకు పెళ్ళామా పిల్లలా అంటే అబ్బే ఎదురింటి జర్మన్ ముసలాయన పోలీసులకి ఫోన్ చేసే రకం, ఎందుకండీ రిస్కు అనేవాడు, ప్రభుత్వం వాడికి మా చెల్లిని గదిలో పెట్టి తాళమేసి తాళంచెవి చేతికిచ్చినట్టయింది, ఆదివారం సాయంత్రం మాత్రం జూమ్‌లో తెలుగువాళ్ళ ప్రార్థన, అందులో వీడు ప్రార్థన చేస్తే రాళ్ళు కరుగుతాయి, ప్రభువా ఈ మహమ్మారి దినాల్లో మా గృహాలను నీ రెక్కల కింద దాచుము తండ్రీ అని గొంతు వణికించేవాడు, ఆమెన్ అనేవాణ్ణి నేను, నిజంగా కళ్ళు చెమ్మగిల్లి ఆమెన్ అనేవాణ్ణి, థూ, పక్కన చెల్లి కనిపించేది కాదు, వంటింట్లో ఉందండి అనేవాడు ఒకసారి, తలనొప్పండి అనేవాడు ఒకసారి, నాన్న బందరునుంచి ఏమ్మా అబిగెయిల్ ఒక్క పాట పాడమ్మా అంటే కెమెరా ఆపేసిన నల్ల చతురస్రంలోంచి గొంతు మాత్రం వచ్చేది, ఆ గొంతు బాగానే ఉందని సంతోషించి అందరం ఫోన్లు పెట్టేసేవాళ్ళం, ఏ బుద్ధీ లేని సంత, మనిషి కనపడకపోతే ఎందుకని అడగాలని ఒక్కడికీ తోచలేదు, నాకూ తోచలేదు.

ఇంకొకటి పడితే వాడు అవుటే, కానీ వాడి అవుటు ఎవడిక్కావాలి, నాకు వాడి దవడ కావాలి, ఆ హెల్మెట్టు ఉంది చూశారూ, చెవి దాకా కప్పుతుంది, దవడ దగ్గర ఏమీ లేదు, బోడి చర్మం, ఎడమ దవడ, నావైపు తిరిగి ఉన్నదీ అదే, మా చెల్లి మీద మచ్చ ఉన్నదీ ఆ వైపే, ఎంత కుదిరిందో, ఇప్పుడు వాడు నేను మళ్ళీ కొంగలా ఆగుతాననుకుంటాడు, బరువంతా వెనక కాలి మీద వేసుకుని తీరిగ్గా ఎదురుచూస్తాడు, అప్పుడు నేను కాలు నేలమీదినుంచి లేపీ లేపకుండా విసరాలి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి, వాడికి తల తిప్పే టైము కూడా ఉండకూడదు, ఎముక విరిగితే ఎండుకొబ్బరి చిప్ప పగిలిన చప్పుడొస్తుందంటారు, ఆ చప్పుడు నాకు వినాలని ఉంది, వాడు నోరు పట్టుకుని కింద దొర్లాలి, వేళ్ళ సందుల్లోంచి నెత్తురు కారాలి, అరుద్దామంటే నోరు తెరుచుకోకూడదు, తీగలతో దవడ కట్టేస్తే నెల్లాళ్ళు గొట్టంతో గంజి తాగాలి, అప్పుడు రమ్మనండి జూమ్‌లోకి, అప్పుడు చెయ్యమనండి ప్రార్థన, ఒకవేళ దవడకి తగలకుండా కణతకి తగిలితే, తగలనీ, చస్తే, చావనీ, బంతి జారింది అంటాను, ఆటలో ఇలాంటివి మామూలే అంటారు, బావగార్లు ఎంత బాగుండేవారండీ అని సాక్ష్యం చెప్పడానికి ఫ్యామిలీ గ్రూపంతా ఉంది, నా గుండె ఎంత నెమ్మదిగా కొట్టుకుంటోందో నాకే ఆశ్చర్యంగా ఉంది, కానివ్వండి బావగారూ ఎంతసేపు అన్నాడు వాడు, కానిస్తున్నా బావా.

విసిరాను, కాలు కదిలిందో లేదో నాకే తెలీదు, చెయ్యి ఒక్కటే వెళ్ళిపోయింది, వాడి కళ్ళు పెద్దవయ్యాయి, ఆ ఒక్క రెప్పపాటులో వాడి మొహంలో భయం చూశాను, నా ఒళ్ళంతా తియ్యగా అయింది, వాడు ఎలా తిప్పాడో తల తిప్పాడు, భుజం అడ్డొచ్చింది, బంతి మెడ పక్కన కండలో దిగింది, తడిబట్ట బండమీద బాదినట్టు చప్పుడు, హెల్మెట్టు ఎగిరి దొర్లింది, వాడు బోర్లా పడ్డాడు, క్యాచర్ పరిగెత్తాడు, ఎబర్‌హార్డ్ పరిగెత్తాడు, నేను కదల్లేదు, లేవకు, లేవకు, లేవకు అనుకుంటున్నాను, లేచాడు, కుక్కని కొట్టినా ఇంతే, దులుపుకుని లేస్తుంది, మెడ రుద్దుకుంటూ ఏం ఫర్లేదు ఏం ఫర్లేదు అని అందరికీ చేతులూపుతున్నాడు, ఎబర్‌హార్డ్ నావైపు తిరిగి, జోజీ జారిందా అన్నాడు, ఆ కళ్ళకి అబద్ధం చెప్పడం కష్టం, అయినా తలూపాను, ఇంకోసారి జారితే ఆటలోంచి తీసేస్తాను అన్నాడు, బంతి తగిలినవాడికి, మామూలుగా కొట్టి పరిగెత్తి చేరాల్సిన మొదటి బేసు ఊరికే ఇస్తారు ఈ ఆటలో, వెళ్ళి అక్కడ నిలబడమన్నాడు, దెబ్బకి బహుమానం, నాకు నవ్వొచ్చింది, ఇంకో బంతి ఇచ్చారు చేతికి, దీన్ని తిన్నగా మొదటి బేసు వైపే విసిరితే, అక్కడ హెల్మెట్టు ఉన్నా లేకపోయినా ఒకటే, ఈసారి గురి తప్పను.

కానీ వాడు బేసు దగ్గరికి నడుస్తూ నావైపు చూడలేదు, అది నాకు వింతగా అనిపించింది, కొట్టింది నేను, చూడాల్సింది నన్ను, వాడు ప్యాంటుకంటిన మట్టి దులుపుకుంటూ, అందరికీ నవ్వు చూపిస్తూనే, మెడ కొంచెం తిప్పి వల అవతలికి చూశాడు, చెల్లి వైపు, అంతే, కళ్ళెర్ర చెయ్యలేదు, పళ్ళు కొరకలేదు, ఉత్తినే చూశాడు, మిట్టమధ్యాహ్నం, ఎండలో, ఇంతమంది మధ్య, వాడికీ దానికీ నడుమ సగం గ్రౌండూ ఇనప వలా ఉన్నాయి, అయినా మా చెల్లి ఎడమ చెయ్యి దానంతటదే లేచింది, మోచెయ్యి మొహానికి అడ్డంగా, తల భుజాల్లోకి దూరిపోయింది, కళ్ళు గట్టిగా మూసుకుంది, ఒక్క క్షణం, తర్వాత తనకే తెలిసొచ్చి ఆ చేత్తోనే జుట్టు సర్దుకుంది, ఎవరూ చూడలేదు, నేను చూశాను.

చేతిలో బంతి బరువెక్కింది, పోయిన శనివారం వాణ్ణి మూడుసార్లూ అవుట్ చేశాను, కొంగలా ఆగి ఆగి, ఎబర్‌హార్డ్ భుజం తట్టాడు, వీడియో గ్రూపులో పెట్టాను, ఆ మచ్చ వారం నాటిది, పచ్చగా తిరిగింది, అంతకుముందు శనివారం, ఆదివారం ప్రార్థనలో తలనొప్పండి, పోయినేడు వేసవిలో శనివారాలు, ఆదివారాలు నల్ల చతురస్రం, జనం ముందు మోకాళ్ళ మీద కూలబడ్డవాడు ఆ మంట ఎక్కడ దించుకుంటాడు, నా దగ్గరా, నా చేతిలో బంతి ఉందిగా, నాకు రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఫోన్ పక్కన పడేసి వంటింట్లోకి వెళ్ళేవాడు, నేను ఇక్కడ బావతో సరసమాడుతున్నాననుకున్నాను, నవ్వింది మేమందరం, దెబ్బలు తిన్నది అది, ఇవాళ నేను కొట్టింది మెడమీద, ఇది ఎవడి వేళాకోళమూ కాదు, దీనికి సాయంత్రం వాడు దాన్ని ఏం చేస్తాడు.

బంతి వేసే మట్టిదిబ్బ దిగాను, జోజీ అని ఎబర్‌హార్డ్ పిలుస్తున్నాడు, వినపడనట్టు నడిచాను, ఏంటి బావగారూ ఆట మధ్యలో ఎక్కడికి అని మొదటి బేసు దగ్గర్నుంచి వాడు, గొంతులో తేనె, వల దగ్గరికి వెళ్ళేసరికి చెల్లి లేచి నిలబడింది, వెళ్ళు అన్నయ్యా వెళ్ళి ఆడు, ఆయన చూస్తున్నారు అంది, కబోర్డు తలుపు సంగతి చెప్పమ్మా అన్నాను, అది వాడి వైపు చూసింది, నా వైపు చూసింది, వల కన్నాల్లో వేళ్ళు పెట్టి పట్టుకుంది, నువ్వు బాగా ఆడిన రోజు నాకు భయం అన్నయ్యా అంది, దగ్గర్లో ఎవరికీ వినపడనంత చిన్నగా, వీడియో పెట్టినప్పుడు ఇంకా భయం, ఒక్కోసారి ఏమీ అనరు, అన్నం తిని పడుకుంటారు, ఒక్కోసారి తెల్లారాక, నేను పళ్ళు తోముకుంటుంటే, ఎప్పుడో తెలీదు అన్నయ్యా, ఇవాళైతే కారులోనే మొదలవుతుంది.

వెనక అడుగుల చప్పుడు, వాడు బేసు వదిలేసి వస్తున్నాడు, నా చెయ్యి బంతి చుట్టూ బిగుసుకుంది, ఇంత దగ్గర్నుంచి ఎవడికీ గురి తప్పదు, విసిరితే ఒక్క నిమిషం నాకు సుఖంగా ఉంటుంది, ఆ తర్వాత పోలీసులు నన్ను ఒక కారులో తీసుకెళ్తారు, వాడు దాన్ని ఇంకో కారులో తీసుకెళ్తాడు, బంతి కింద వదిలేశాను, అది ఎటు దొర్లిందో చూడలేదు, గేటు తీసుకుని అవతలికి వెళ్ళి వాడికీ దానికీ మధ్య నిలబడ్డాను, నీ సంచీ తీసుకో అమ్మా అన్నాను, ఎక్కడికి అన్నయ్యా అంది, ఎక్కడికెళ్ళాలి నేను, ఆ మాట అది ఏడుస్తూ అడగలేదు, నిజంగా తెలియక అడిగింది, ఎక్కడికి అని, అప్పుడు తెలిసింది నాకు, పొద్దుట్నుంచీ వాడి దవడ గురించే ఆలోచించాను గానీ, ఈ రాత్రి మా చెల్లి ఎక్కడ పడుకుంటుందో ఒక్కసారైనా ఆలోచించలేదు.